తండ్రి చేతుల కింద మోకరిల్లిన చిత్రకారుడు

మన ప్రాంతంలో ఏ క్రైస్తవ గృహానికి వెళ్లినా గోడమీద ఒక క్యాలెండరు, దానిమీద ఒక వాక్యం, ఆ వాక్యానికి తగిన ఒక బొమ్మ కనిపిస్తాయి. వినుకొండలో మా ఇంటి ముందుగదిలో చాలా ఏళ్లుగా అలాంటి బొమ్మ ఒకటి ఉంది. చిరిగిన బట్టలతో, గొరిగిన తలతో ఒక యువకుడు వృద్ధుడైన తండ్రి ముందు మోకరిల్లి, ఆయన గుండెల్లో తల దాచుకొని ఉంటాడు. తండ్రి రెండు చేతులూ అతని వీపుమీద ఆనించి ఉంటాయి. గత మిరప కోతల కాలంలో మా సంఘానికి చెందిన ఒక పెద్దాయన ప్రార్థన కోసం వచ్చి, మాట్లాడకుండా ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నారు. కౌలు పొలంలో మిరప వేసి నష్టపోయి, అప్పులవాళ్లకు ముఖం చూపలేక ఆయన కుమారుడు ఊరు విడిచి వెళ్లి అప్పటికి రెండేళ్లయింది. ఆ బొమ్మ గీసినవానికి కొడుకును పోగొట్టుకోవడమంటే ఏమిటో తెలుసా అని ఆయన మమ్మల్ని అడిగారు. తెలుసు అన్నాం. ఎలా తెలుసో ఆ రోజు పూర్తిగా చెప్పలేకపోయాం. ఆయనకు చెప్పవలసినదే ఈ వారం పాఠకులందరికీ చెబుతున్నాం.

ఆ చిత్రకారుని పేరు రెంబ్రాంట్. ఇంటిపేరు వాన్ రైన్, అంటే రైన్ నది వాడు అని అర్థం. ఆయన 1606 జూలై 15న నేటి నెదర్లాండ్స్ దేశంలోని లైడెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి హార్మెన్‌కు రైన్ నది ఒడ్డున ధాన్యం విసిరే గాలిమర ఉండేది. తల్లి నీల్ట్‌యెన్ రొట్టెలు కాల్చి అమ్మే వారి కూతురు. పిల్లలు చాలామంది ఉన్న ఇల్లు అది. ఆ పిల్లలలో తెలివైనవాడని రెంబ్రాంట్‌ను లాటిను బడిలో వేశారు. 14 ఏళ్ల వయసులో, 1620లో, లైడెన్ విశ్వవిద్యాలయంలో పేరు కూడా నమోదైంది. కానీ ఆ బాలుని మనసు పుస్తకాలకంటే బొమ్మలమీదే ఉండటంతో తల్లిదండ్రులు అతణ్ని ఒక చిత్రకారుని దగ్గర పనికి కుదిర్చారు.

ఆ దేశం అప్పుడు మనకు కూడా దూరమైనదేమీ కాదు. రెంబ్రాంట్ పుట్టిన ఆ కాలంలోనే డచ్చి వర్తకులు మన తీరానికి వచ్చి మచిలీపట్నంలోను, పేటపోలి అని వారు పిలిచిన మన నిజాంపట్నంలోను గిడ్డంగులు పెట్టుకున్నారు. మన నేలలో పండిన పత్తితో మన నేతవారు నేసిన బట్ట, చిరివేరుతో ఎర్రరంగు అద్దిన కలంకారీ వస్త్రం వారి ఓడలెక్కి ఆమ్‌స్టర్‌డామ్ చేరేవి. ఆ నగరం ఐశ్వర్యంతో పొంగిపోవడానికి తూర్పు దేశాల వ్యాపారం ఒక పెద్ద కారణం. ఆ ఐశ్వర్యమే రెంబ్రాంట్‌ను పెంచింది, ఆ ఐశ్వర్యం మీద మోజే ఆయనను పడగొట్టింది.

మరొక సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. సంస్కరణోద్యమం వచ్చాక, 1566లో ఆ దేశపు ఆలయాల్లోని విగ్రహాలను, బొమ్మలను ప్రజలు పగలగొట్టి తీసివేశారు. నిర్గమకాండం 20వ అధ్యాయంలోని ఆజ్ఞను వారు అంత గట్టిగా పట్టుకున్నారు. రెంబ్రాంట్ నాటికి ప్రొటెస్టెంటు ఆలయాల గోడలు మన ఆలయాల గోడల్లాగే సున్నం వేసిన తెల్లని గోడలు. అందువల్ల బైబిలు చిత్రాలు ఆలయం విడిచి ఇళ్లలోకి వచ్చాయి. 1637లో డచ్చి భాషలో ప్రభుత్వ ఆదరణతో కొత్త బైబిలు అనువాదం వెలువడింది. జనం ఇంట్లో బైబిలు చదువుకునేవారు, ఆ కథల చిత్రాలను ఇంటి గోడకు తగిలించుకునేవారు. అవి పూజకోసం కాదు. వాక్యాన్ని కంటితో కూడా చదువుకోవడానికి ఉద్దేశించినవి. క్రైస్తవునికి కళ ఎందుకని అడిగేవారు మనలో ఇప్పటికీ ఉన్నారు. క్రీస్తు చరిత్రను తెలుగు పద్యంగా మలచి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న గుఱ్ఱం జాషువా పుట్టిన ఊరు మాది. మాకు ఆ ప్రశ్న అడిగే హక్కు లేదనిపిస్తుంది.

ఇక రెంబ్రాంట్ సంగతికి వద్దాం. తేదీ ఉన్న ఆయన చిత్రాలలో మొదటిది 1625 నాటిది. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్లు. ఎన్నుకున్న అంశం అపొస్తలుల కార్యాలు 7వ అధ్యాయం, స్తెఫను మరణం. రాళ్లు ఎత్తిన గుంపు మధ్యలోనుంచి చూస్తున్న ఒక కుర్రవాని ముఖం రెంబ్రాంట్ సొంత ముఖమేనని పరిశీలకులు చెబుతారు. 1633 ప్రాంతంలో ఆయన ఒక రాజకుమారుని కోసం సిలువను పైకెత్తే దృశ్యం చిత్రించాడు. రోమా సైనికుల మధ్య, చిత్రకారులు పెట్టుకునే టోపీతో, సిలువ మానును రెండు చేతులతో పట్టి లేపుతున్న మనిషి ఒకడు అందులో ఉన్నాడు. ఆ ముఖమూ రెంబ్రాంట్‌దే. అదే సంవత్సరం గలిలయ సముద్రంలో తుపాను చిత్రం వేశాడు. ప్రభువును, 12 మంది శిష్యులను లెక్కపెడితే దోనెలో 13 మంది ఉండాలి. చిత్రంలో 14 మంది ఉన్నారు. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో టోపీ పట్టుకొని మనవైపు చూస్తున్న ఆ అదనపు మనిషి మళ్లీ ఆయనే. ఆ చిత్రాన్ని 1990లో అమెరికాలోని బోస్టన్ ప్రదర్శనశాలనుండి దొంగలు ఎత్తుకుపోయారు, ఇంతవరకూ దొరకలేదు.

వేదాంత కళాశాలలో మాకు చెప్పిన మొదటి పాఠాలలో ఒకటి, వాక్యం చదివేటప్పుడు నీవు ఆ కథలో ఎక్కడున్నావో వెతుక్కో అన్నది. చాలామందిమి వెతుక్కుంటాం, కానీ ఎప్పుడూ మంచివారి పక్కనే మన చోటు దొరుకుతుంది. రెంబ్రాంట్ తన చోటును రాళ్లు పట్టిన గుంపులో, సిలువ ఎత్తిన చేతులలో చూసుకున్నాడు. అయితే చూసుకోవడం వేరు, మారడం వేరు. ఆయన జీవితంలో ఆ రెంటి మధ్య చాలా ఏళ్లు గడిచాయి.

1631 ప్రాంతంలో ఆయన ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు. మరుసటి ఏడాదే, డాక్టర్ టల్ప్ తోటి వైద్యులకు శరీర నిర్మాణం వివరిస్తున్న చిత్రం వేసి నగరమంతటా పేరు తెచ్చుకున్నాడు. ధనవంతులు తమ బొమ్మలు వేయించుకోవడానికి బారులు తీరారు. 1634లో సాస్కియా అనే యువతిని పెళ్లాడాడు. ఆమె ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో ఒక నగరాధ్యక్షుని కుమార్తె, తల్లిదండ్రులు లేని పిల్ల, కొంత ఆస్తి కలది. ఆమెకు పెదనాన్న కొడుకు వరసైన చిత్రాల వ్యాపారి హెండ్రిక్ మెన్నొనైటు సంఘానికి చెందినవాడు. పెద్దయ్యాకే బాప్తిస్మం ఇవ్వాలని నమ్మే సంఘం అది. బాప్టిస్టు మిషనరీల సేవ ఫలంగా ఏర్పడిన మన సంఘాలకు ఒకరకంగా పెద్దన్న వంటిది. ఆ సంఘపు బోధకుడు ఆన్‌స్లో వాక్యం వివరిస్తున్న చిత్రాన్ని కూడా రెంబ్రాంట్ 1641లో వేశాడు.

పెళ్లయిన కొత్తలో ఆయన వేసిన ఒక చిత్రం ఇప్పుడు జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో ఉంది. పట్టుబట్టలు కట్టి, నడుముకు కత్తి వేలాడేసి, పొడవాటి గాజుపాత్రలో మద్యం పైకెత్తి నవ్వుతున్న యువకుడు. ఒడిలో ఒక స్త్రీ. బల్లమీద నెమలి బొమ్మతో అలంకరించిన విందు. యువకుడు రెంబ్రాంట్, ఆ స్త్రీ సాస్కియా. లూకా 15వ అధ్యాయంలోని చిన్నకుమారుడు దూరదేశంలో తన ఆస్తిని దుబారా చేస్తున్న ఘట్టం అదని చిత్రకళ తెలిసినవారు భావిస్తారు. అప్పటికి ఆయన వయసు 30కి లోపే. పాత్ర ఎన్నుకున్నాడు కానీ ఆ పాత్ర ఎంత నిజం కాబోతున్నదో ఆయనకు తెలియదు. సాస్కియా తన వాటా ఆస్తిని తగలేస్తున్నదని ఆమె బంధువులు ఆడిపోసుకుంటే, 1638లో వారిమీద ఆయన పరువునష్టం దావా కూడా వేశాడు.

మరుసటి ఏడాదే 13,000 గిల్డర్లకు పెద్ద ఇల్లు కొన్నాడు. మామూలు పనివాడు జన్మంతా కష్టపడినా కూడబెట్టలేని సొమ్ము అది. కొంత కట్టి మిగతాది వాయిదాలమీద తీర్చేట్లు ఒప్పుకున్నాడు, ఆ వాయిదాలు తీర్చనే లేదు. వేలంపాటల్లో ఆయన చేయి ఆగేది కాదు. ఇటలీ చిత్రాలు, పాలరాతి తలలు, పాత ఆయుధాలు, సముద్రపు గవ్వలు, తూర్పు దేశాల వస్త్రాలు, ఏది నచ్చితే అది కొనేవాడు. వచ్చే ఏడు పంట బాగుంటుందనే ధైర్యంతో ఈ ఏడు వడ్డీకి తెచ్చి ఇల్లు కట్టడం మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. ఆ ధైర్యం మనిషిని ఎక్కడికి చేరుస్తుందో కూడా తెలిసినదే.

బయట పేరు పెరుగుతుంటే ఇంట్లో దుఃఖం పెరిగింది. 1635లో పుట్టిన మొదటి కొడుకు రెండు నెలలు బతికాడు. 1638లో పుట్టిన కూతురు కొర్నీలియా కొన్ని వారాలకే పోయింది. 1640లో మరో కూతురు పుడితే అదే పేరు పెట్టుకున్నారు, ఆ పసిబిడ్డా నిలవలేదు. 1641లో టైటస్ పుట్టి బతికాడు, కానీ తల్లి కోలుకోలేదు. 1642 జూన్‌లో సాస్కియా కన్నుమూసింది. ఆమె వయసు 29 ఏళ్లు, టైటస్ ఇంకా పాలుతాగే బిడ్డ. రాత్రి గస్తీ అనే పేరుతో లోకమంతా ఎరిగిన ఆయన పెద్ద చిత్రం పూర్తయింది ఆ సంవత్సరంలోనే. ఆ చిత్రం నచ్చక జనం తిప్పికొట్టారనీ, దానివల్లే ఆయన పతనమయ్యాడనీ చాలాచోట్ల రాస్తారు. అది నిజం కాదు. నగర రక్షకదళం వారు ఆ చిత్రాన్ని తమ సభామందిరంలో గౌరవంగా తగిలించుకున్నారు. ఆయన పతనానికి ఇతరుల అజ్ఞానం కారణం కాదు, కారణం చాలావరకు ఆయనే.

ఇక్కడ మేము దాచకుండా చెప్పవలసిన విషయం ఒకటుంది. బిడ్డను సాకడానికి ఇంటికి వచ్చిన గీర్ట్యె అనే విధవరాలితో ఆయన కలిసి బతికాడు, చనిపోయిన భార్య నగలు కూడా ఆమెకు ఇచ్చాడు. తర్వాత ఇంట్లో పనికి వచ్చిన హెండ్రిక్యె అనే చిన్నవయసు స్త్రీ వైపు మనసు మళ్లింది. పెళ్లి చేసుకుంటానని మాట తప్పాడని గీర్ట్యె 1649లో వ్యాజ్యం వేస్తే, ఏటా 200 గిల్డర్లు భరణం ఇమ్మని తీర్పు వచ్చింది. మరుసటి ఏడాది, ఆమె సొంత బంధువులతోనే సాక్ష్యాలు చెప్పించి, ఆమెను గౌడా పట్టణంలోని స్త్రీల శిక్షాగృహంలో పెట్టించడానికి ఆయన తోడ్పడ్డాడు. అక్కడ ఆమె ఐదేళ్లు మగ్గింది. సువార్త దృశ్యాలను అంత కనికరంతో గీసిన చెయ్యి ఆ కాగితాలమీద కూడా నడిచింది. దావీదు కీర్తనలు పాడే మనం ఊరియా సంగతి మరచిపోకూడదు కదా! బైబిలు తన భక్తుల పాపాన్ని దాచదు. మనం ఈయన పాపాన్ని ఎందుకు దాచాలి?

ఆ ఏళ్లలోనే, 1648 ప్రాంతంలో, ఆయన ఒక రాగిరేకు మీద మత్తయి 19వ అధ్యాయం మొత్తాన్ని చెక్కాడు. రాగిరేకు మీద సూదితో గీసి, ఆమ్లంతో తొలిపించి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీసే పని అది. ఆయన అలాంటివి ఇంచుమించు 300 చేశాడు. ఈ అచ్చుకు వంద గిల్డర్ల ధర పలికిందని చెప్పుకోవడంతో అదే దాని పేరుగా నిలిచింది. మధ్యలో యేసుప్రభువు. ఒకవైపు చీకటిలోనుంచి రోగులు, కుంటివారు, బండిమీద మోసుకొచ్చినవారు. బిడ్డను ఎత్తుకొని ముందుకొస్తున్న తల్లిని శిష్యుడు ఆపుతుంటే ప్రభువు చేయి ఆమెను రమ్మంటుంది. మరోవైపు తమలో తాము వాదించుకుంటున్న పరిసయ్యులు. వారికీ పేదలకూ మధ్య ఖరీదైన బట్టల్లో గడ్డం చేతికి ఆనించి, నేలమీద కూర్చొని ఆలోచిస్తున్నాడు ధనవంతుడైన యౌవనస్థుడు. ఉన్నది వదులుకోలేడు, ప్రభువును వదిలి లేచి పోలేడు. ఈసారి రెంబ్రాంట్ తన ముఖం అతనికి పెట్టలేదు. పెట్టనక్కర లేకపోయింది.

1654లో హెండ్రిక్యె గర్భవతి. నగరంలోని రిఫార్మ్‌డ్ సంఘపు పెద్దలు ఆమెను పిలిపించారు. వివాహం లేకుండా చిత్రకారునితో కాపురం చేస్తున్నందుకు ప్రభువు బల్ల నుండి ఆమెను వెలివేశారు. శిక్ష ఆమెకే పడింది, ఆయనకు పడలేదు. ఆయన మళ్లీ పెళ్లాడితే సాస్కియా వీలునామా ప్రకారం ఆమె ఆస్తిమీద వచ్చే అనుభవం పోతుంది. అప్పుల్లో ఉన్నవాడు ఆ సొమ్ము వదులుకోలేదు, ఆ బరువు ఆమె మోసింది. ఆ అక్టోబరులో పుట్టిన పాపకు బాప్తిస్మం ఇప్పించి, ముందు పోయిన ఇద్దరి పేరే పెట్టాడు, కొర్నీలియా అని.

సంఘ క్రమశిక్షణ వద్దని మేము అనం. అది వాక్యంలో ఉంది. కానీ ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ మా గుండెలో ముల్లు గుచ్చుకుంటుంది. చాలా ఏళ్ల క్రితం మేము సేవచేసిన ఒక సంఘంలో ఇలాంటి విచారణే జరిగింది. అందులో ఉన్న పురుషుడు చందాలు బాగా ఇచ్చే కుటుంబం వాడు. స్త్రీని కమిటీ ముందు నిలబెట్టాం, ప్రభువు బల్లకు రావద్దన్నాం. అతణ్ని ఒక్క మాట అడగలేదు. ఆమె ఆ తర్వాత ఏ ఆలయానికీ వెళ్లలేదని తెలిసింది. తీర్మానం మీద సంతకం మాదే. యోహాను 8వ అధ్యాయం మీద ఎన్ని ప్రసంగాలు చేసినా ఆ సంతకం చెరగదు. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ ప్రభువు ముందు నిలబడిన దృశ్యాన్ని కూడా రెంబ్రాంట్ చిత్రించాడు. అది 1644లో, హెండ్రిక్యెకు ఈ శిక్ష పడటానికి పదేళ్ల ముందు. గీసినవాడికీ, ప్రసంగించిన మాకూ ఆ వాక్యం అప్పటికి లోపలికి దిగలేదు.

ఇంగ్లాండుతో యుద్ధంవల్ల వ్యాపారం దెబ్బతిని, అప్పులిచ్చినవాళ్లు పీకమీద కూర్చున్నారు. 1656లో రెంబ్రాంట్ కోర్టుకెక్కి తన ఆస్తిని అప్పులవాళ్లకు అప్పగిస్తున్నట్లు రాసిచ్చాడు. మన భాషలో చెప్పాలంటే ఐ.పి. పెట్టాడు. అధికారులు గదిగదికీ తిరిగి 363 పద్దులతో జాబితా రాశారు. ఆ జాబితా ఇప్పటికీ ఉంది. లోకంలోని వింతలన్నీ కొన్న ఆ ఇంట్లో పుస్తకాలు మాత్రం కొద్దే. వాటిలో ఒకటి పాత బైబిలు. ఇంకొక పద్దు, సజీవంగా మనిషిని చూసి గీసిన క్రీస్తు ముఖం. ఆయన ఇల్లు యూదులు నివసించే పేటలో ఉండేది. అంతకుముందు ఐరోపా చిత్రకారులు ఎక్కువమంది ఊహించి గీసిన ముఖాన్ని ఆయన తన వీధిలోని యూదు యువకుణ్ని కూర్చోబెట్టి గీశాడని పరిశోధకుల అభిప్రాయం. మన ప్రభువు శరీరరీత్యా యూదుడని అందరం ఒప్పుకుంటాం, చిత్రకారులలో దాన్ని అంత గట్టిగా పట్టించుకున్నవారు తక్కువ.

మన దేశానికి సంబంధించిన సంగతి కూడా ఈ కష్టకాలంలోదే. ఓడలమీద వచ్చిన మొగలు చిత్రాలను ఆయన ఆసక్తిగా చూసి, ఇరవైకి పైగా నకళ్లు గీసుకున్నాడు. షాజహాను బొమ్మ కూడా వాటిలో ఉంది. ఒక చిత్రంలో నలుగురు ముసల్మాను పెద్దలు చెట్టు కింద చాపమీద కూర్చొని ఉన్నారు. దాన్ని చూసి ఆయన 1656లో ఆదికాండం 18వ అధ్యాయాన్ని రాగిరేకు మీద చెక్కాడు. అబ్రాహాము ఇంటికి వచ్చిన ముగ్గురు అతిథులు బల్లముందు కుర్చీల్లో కాక మనవాళ్లలాగా నేలమీద కూర్చొని తింటుంటారు. అబ్రాహాము చెంబు పట్టుకొని వంగి వడ్డిస్తుంటాడు. శారా తలుపు చాటునుంచి వింటుంటుంది. ఇల్లు పోతున్న సంవత్సరంలో ఆయన గీసుకున్నది అతిథులను ఆదరించిన ఇంటిని.

ఆ ఇల్లు 1658లో 11,218 గిల్డర్లకు వేలంలో పోయింది. కొన్న ధర కూడా రాలేదు. కుటుంబం రోజెన్‌గ్రాక్ట్ అనే వీధిలో అద్దె ఇంటికి మారింది. 1660లో టైటస్, హెండ్రిక్యె కలిసి ఒక వ్యాపారసంస్థ పెట్టి, రెంబ్రాంట్‌ను అందులో పనివానిగా చూపించారు. ఆయన గీసిందంతా సంస్థది, ఆయనకు తిండి, నీడ. అలా చేయకపోతే గీసిన ప్రతి బొమ్మనూ అప్పులవాళ్లు పట్టుకుపోయేవారు. ఒకప్పుడు పట్టుబట్టల్లో పాత్ర పైకెత్తినవాడు ఇప్పుడు కొడుకు కింద కూలివాడు. తండ్రి ఇంట కూలివారిలో ఒకనిగానైనా ఉండనిమ్మని అడుగుదామనుకున్న చిన్నకుమారుని మాట మనకు గుర్తు రావడం లేదా?

ఆశ్చర్యమేమంటే ఆయన గొప్ప పని చాలావరకు ఈ కాలంలో జరిగింది. 1660లో పేతురు ప్రభువును ఎరుగనని బొంకిన రాత్రిని వేశాడు. దాసి చేతి దీపం వెలుగు పేతురు ముఖంమీద పడుతుంటే, వెనుక చీకట్లో బంధింపబడిన ప్రభువు తిరిగి అతనివైపు చూస్తుంటాడు. 1661లో తన ముఖాన్నే అపొస్తలుడైన పౌలుగా గీసుకున్నాడు. తలకు గుడ్డ చుట్టుకొని, చేతిలో పత్రికలతో, కనుబొమలు పైకెత్తి, తనను దేవుడు ఎలా వాడుకున్నాడో తనకే నమ్మశక్యం కానట్లు చూస్తున్న వృద్ధుడు. పాపులలో తాను ప్రధానుడనని తిమోతికి రాసుకున్నవాని పాత్ర అది. 1662లో ఆమ్‌స్టర్‌డామ్ బట్టల వర్తకసంఘం తరఫున గుడ్డ నాణ్యం చూసే అధికారుల చిత్రం వేశాడు. అంటే పనిలో ఆయనమీద నమ్మకం పోలేదు. అయినా ఇల్లు గడవక అదే ఏడాది సాస్కియా సమాధి స్థలాన్ని అమ్ముకోవలసి వచ్చింది.

1663లో హెండ్రిక్యె మరణించింది. టైటస్ 1668 ఫిబ్రవరిలో పెళ్లి చేసుకున్నాడు. ఏడు నెలలు తిరగకుండానే, ఆ సెప్టెంబరులో, 27 ఏళ్లు నిండీ నిండకముందే ఆ ఒక్కగానొక్క కొడుకూ చనిపోయాడు. పుట్టగానే పోయిన ముగ్గురిని, పెరిగి పెద్దవాడై తనను పోషించిన ఈ కొడుకును, నలుగురు బిడ్డలను ఆయన మట్టిలో పెట్టాడు. పెద్దాయనా, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

మా ఇంట్లో ఉన్న బొమ్మకు మూలచిత్రం ఆ చివరి సంవత్సరాలలోదే. రష్యా రాణి కేథరిన్ 1766లో దాన్ని కొనిపించింది. ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ ప్రదర్శనశాలలో ఉంది. ఎత్తు 262 సెంటీమీటర్లు, వెడల్పు 205, అంటే మనిషికంటే ఎత్తు. ఆయన ఇదే ఘట్టాన్ని 1636లో కూడా చెక్కాడు. అందులో తండ్రి మెట్లు దిగి వచ్చి వంగి పట్టుకుంటాడు, కొడుకు ముఖం మనకు కనిపిస్తుంది, అంతా కదలిక. ముప్పై ఏళ్ల తర్వాత వేసిన దానిలో కదలిక లేదు. కొడుకు వీపు మనవైపు ఉంది. ఒక చెప్పు ఊడి పాదం బయటపడింది, మడమ పగిలి ఉంది. రెండో చెప్పు అరిగి చిరిగిపోయింది. నడుముకు మాత్రం చిన్న కత్తి మిగిలింది. డ్రెస్‌డెన్ చిత్రంలో పట్టుబట్టల యువకుని నడుముకూ కత్తి ఉందని పాఠకులు మరచిపోయి ఉండరు. ఈసారి రెంబ్రాంట్ తన ముఖం గీయలేదు. ముఖం తండ్రి గుండెల్లో దాగిపోయింది.

తండ్రి కళ్లు దాదాపు చూపులేనివి. దారి చూసి చూసి అలసిన కళ్లు. ఆ కొడుకును ఆయన చేతులతో తడిమి గుర్తుపడుతున్నట్లుంది. రెండు చేతులూ ఒకేలా లేవు, ఒకటి మోటుగా, బలంగా, ఇంకొకటి మెత్తగా తల్లి చేతిలా కనిపిస్తుందని చాలామంది గమనించారు. తండ్రి కనికరపడ్డాడని లూకా రాసినచోట గ్రీకు మూలంలోని మాటకు లోపలి పేగులు కదిలిపోవడమని భావం. దానికి సరిపోయే మాట మన తెలుగులో ఎప్పటినుంచో ఉంది, కడుపు తరుక్కుపోవడం. ఆ తండ్రికి కొడుకు చేసిన ఖర్చుమీద లెక్క అడగాలని తోచలేదు, కడుపు తరుక్కుపోయింది.

కుడివైపున ఎర్రని వస్త్రం కప్పుకొని, చేతులు ఒకదానిమీద ఒకటి పెట్టుకొని ఒకాయన నిటారుగా నిలబడి చూస్తుంటాడు. అతణ్ని పెద్దకుమారుడనే ఎక్కువమంది చెబుతారు. తండ్రి భుజాలమీదా ఎర్రని వస్త్రమే. ఇద్దరి మీదా వెలుగు పడుతున్నది. తండ్రి వంగాడు, అతడు వంగలేదు. ఇంటిని ఎన్నడూ విడవని మేము, ఆదివారం తప్పని మేము, తీర్మానాలమీద సంతకాలు చేసిన మేము ఆ బొమ్మలో ఎక్కడున్నామో మాకు తెలుసు. ఆ కథలో పెద్దకుమారుడు లోపలికి వచ్చాడో లేదో ప్రభువు చెప్పలేదు. తండ్రి మాత్రం అతని కోసం కూడా బయటికి వచ్చి బతిమాలాడు.

1669 అక్టోబరు 4న రెంబ్రాంట్ 63 ఏళ్ల వయసులో మరణించాడు. వెస్టర్‌కెర్క్ అనే ఆలయంలో అద్దెకు తీసుకున్న సమాధిలో పెట్టారు. దానిమీద పేరు కూడా లేదు. ఆ ఇంట్లో ఇంకా పూర్తికాని ఒక చిత్రం మిగిలింది, లూకా 2వ అధ్యాయంలోని సుమెయోను. 1631లో ఆయన అదే ఘట్టాన్ని ఎత్తైన స్తంభాల దేవాలయంతో, ఎందరో మనుషులతో చిత్రించాడు. ఈ చివరిదానిలో దేవాలయం లేదు. చూపు మందగించిన ఒక ముసలివాడు, ఆయన చాచిన చేతులమీద ఒక పసిబిడ్డ. ఆ చేతులు బిడ్డను గట్టిగా పట్టుకోలేదు, అలా మోస్తున్నాయంతే.

రెంబ్రాంట్ పరిశుద్ధుడని మేము చెప్పడం లేదు. ఆయన ఏ సంఘపు రికార్డులోనూ ఆదర్శ విశ్వాసిగా కనిపించడు. కానీ ఒకే వాక్యాన్ని యౌవనంలో పాత్రధారిగా, వృద్ధాప్యంలో పశ్చాత్తప్తునిగా చదివిన మనిషి ఆయన. వాక్యం మారలేదు, చదివే మనిషి విరిగాడు. విరిగి నలిగిన హృదయాన్ని దేవుడు తోసిపుచ్చడని మనం పాడుకుంటాం. పాడుకున్నంత మాత్రాన సరిపోదు, దేవుడు తోసిపుచ్చనివారిని సంఘమూ తోసిపుచ్చకూడదు.

ఈ ఏడు కూడా మన పల్లెల్లో పత్తి, మిరప వేసి దెబ్బతిన్న కుటుంబాలున్నాయి. అప్పుకు, సిగ్గుకు వెరచి ఎక్కడో హైదరాబాదులోనో, ఇంకేదైనా పట్టణంలోనో ఫోను కట్టిపెట్టి బతుకుతున్న కొడుకులున్నారు. వారిలో ఎవరైనా ఈ పేజీ చదువుతుంటే ఒక మాట. అప్పు లెక్క తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇంటికి రండి. సంఘంలోని పెద్దలకూ ఒక మాట. వారు వచ్చిన రోజు గుమ్మంలో చేతులు కట్టుకొని నిలబడవద్దు. ఆ స్త్రీకి మేము చేసిన అన్యాయాన్ని ఒప్పుకొని ఆమెకు ఉత్తరం రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాం. ఈ వ్యాసం రాయడానికి కూర్చునే ముందు ఆ ఉత్తరం రాసి పోస్టు చేశాం.

ఆ పెద్దాయన కొడుకు ఇంకా రాలేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన మా ఇంటికి వచ్చి కాసేపు కూర్చొని వెళ్తున్నారు. ఇప్పుడు ఆ బొమ్మను చూడటం లేదు. వీధి వైపు తిరిగి కూర్చుంటున్నారు.